కొబ్బరినీళ్ళు తాగిన కారు

పొద్దున్నే సువార్తమ్మ అరుగు మీద కూర్చుని కూరలు తరుగుతుంటే వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే బ్యాటరీలు తెచ్చి ఆవిడ పక్కన పెట్టి వెళ్ళేవారు. ఎదురింటి సత్తిబాబు ట్రాక్టరు బ్యాటరీ మోసుకొచ్చేవాడు. రొయ్యల చెరువుల కాపలావాళ్ళు టార్చిలైట్లు తెచ్చేవారు. మధ్యాహ్నం భోజనాల వేళకి అన్నీ నిండిపోయేవి, ఎవరివి వాళ్ళు పట్టుకుపోయేవారు. సువార్తమ్మ కోపానికి పక్కనున్న బ్యాటరీలు ఛార్జి అవుతాయని అమలాపురం శివార్లలో ఆ వీధి వీధంతా ఎరిగిన సంగతే. గాలివానకి కరెంటు పోయిన రోజుల్లో అరుగు మీద కాలు పెట్టే చోటు ఉండేది కాదు.

"కోపం తగ్గలేదు కదండీ, అమ్మగారూ?" అని సత్తిబాబు రోజూ అడిగేవాడు.

"తగ్గలేదు. పెట్టు," అనేది సువార్తమ్మ.

అంత మర్యాదగా అడిగినవాడు, ఆ కోపం ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. మావేపు మర్యాద అలాంటిది. గుండెలు మండిపోతున్న మనిషి దగ్గర కూర్చుని, మంట బాగానే ఉందాండీ అని కనుక్కుని వెళ్ళిపోతారు.

కోపం మూడేళ్ళనాటిది. రాజోలు అవతల పల్లెలో సువార్తమ్మ తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చింది. భర్త ఇశ్రాయేలు మాస్టారు తన పాత డీజిల్ కారు బయటికి తీశారు. జబ్బుమనిషి నాలుగు గుక్కలు తాగుతుందని సువార్తమ్మ పెరట్లో కొబ్బరిబొండాలు దింపించి డిక్కీలో వేయించింది. మామిడికుదురు దాటాక కారు పొగలు కక్కి ఆగిపోయింది. రేడియేటర్లో నీళ్ళు లేవు. పక్కనే కాలవ ఒడ్డులొరుసుకుని పారుతోంది. సువార్తమ్మ డబ్బా తీసుకుని కాలవలోకి దిగబోయింది.

మాస్టారు వద్దన్నారు. కాలవ నీళ్ళల్లో ఒండ్రు ఉంటుందిట, ఇంజిను పాడైపోతుందిట. బొండం నీళ్ళయితే దేవుడు సీలు వేసి పంపిన నీళ్ళుట, వాటికన్నా శుభ్రమైనవి ఎక్కడున్నాయన్నారు. అని, అత్తగారి కోసం తెచ్చిన బొండాలన్నీ కొట్టించి రేడియేటర్లో పోశారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, పైగా అల్లుడు. చుట్టూ చేరినవాళ్ళు కూడా ఆయ్, నిజమేనండి అన్నారు. కొంతదూరం పోయాక ఆ నీళ్ళు పాకంలా మరిగి, బెల్లం మాడిన కంపుతో కారు మళ్ళీ ఆగింది. ఈసారి కదల్లేదు. ఎప్పటికో ఆటో దొరికి, ఊరు చేరేసరికి సమాధి గోతిలో మట్టి వేస్తున్నారు.

చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ మాస్టారినే ఓదార్చారు. పాపం, ఎంత కంగారు పడ్డారో అన్నారు. ఆయన తల ఊపి కాఫీ తాగారు. సువార్తమ్మకి తల్లిని చూపించలేకపోయానని ఒక్క ముక్క అనలేదు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి అది, తన వైపు తిరగడం దానికి చేతకాలేదు.

ఆ తరవాత కారుని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. రేడియేటరు మాత్రం విప్పలేదు. బ్యాటరీని నింపే డైనమో పనిచెయ్యడం మానేసినా పట్టించుకోలేదు. షెడ్డు వంటింటిని ఆనుకునే ఉంది కాబట్టి కారు బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళి, వేడెక్కేలోపు తిరిగొచ్చేవారు. సువార్తమ్మ ఏఎన్నెమ్‌గా పనిచేసే రోజుల్లోనే కారు నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. లైసెన్సు బీరువాలోనే ఉండిపోయింది. స్టీరింగు అడిగితే మాస్టారు చూద్దాంలే అనేవారు.

ఈ వైశాఖంలో ఒకనాటి పొద్దున దిండి నుంచి ఫోనొచ్చింది. దీనమ్మ పిన్ని, సువార్తమ్మ తల్లికి చెల్లెలు. తుంటి ఎముక విరిగి మంచాన పడింది. డాక్టర్లు చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. కోడళ్ళు చెరో గుమ్మంలో నిలబడి వంతులు వేసుకుంటున్నారు.

"నన్ను నీ ఇంటికి తీసుకుపోవే," అంది పిన్ని. "మీ అమ్మ దగ్గరికి అందలేకపోయేవు. నా దగ్గరికైనా అందు."

ఆ మాటకి అరుగు మీద బ్యాటరీలు సన్నగా బుసకొట్టాయి. పిన్నిని పడుకోబెట్టి తీసుకురావాలి, ఆటో పనికిరాదు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో కిరాయి కార్లన్నీ ముందే మాట్లాడేసుకున్నారు. ఎక్కడ అడిగినా ఎల్లుండి చూద్దామండీ అన్నారు. పిన్ని ఎల్లుండిదాకా ఉంటుందో లేదో చెప్పే నాథుడు లేడు. మిగిలింది షెడ్లో కారే.

"దానికేం, వెళ్దాం. చిటికెలో స్టార్టవుతుంది," అన్నారు మాస్టారు.

స్టార్టవుతుంది, సగం దారిలో ఆగుతుంది అంది సువార్తమ్మ. రేడియేటరు ఇక్కడే, ఇప్పుడే విప్పి కడగమంది.

మాస్టారు బనీను వేసుకుని షెడ్లోకి వెళ్ళారు. ముందు బ్యాటరీ కొనల మీద తెల్లగా పేరుకున్న పూతని వేణ్ణీళ్ళూ వంటసోడా పోసి తోమి, వేజలీను రాశారు. ఫ్యాను బెల్టు బిగించారు. ఎయిర్ ఫిల్టరు దులిపారు. చక్రాల్లో గాలి చూశారు. అద్దం తుడిచే పుల్లలకి కొత్త రబ్బరు కూడా తొడిగారు. పొద్దు నడినెత్తికొస్తోంది, ఆయన చెయ్యి రేడియేటరు దాకా వెళ్ళి పక్కకి తిరిగిపోతోంది. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుతోంది. రేడియేటర్లో ఏముందో ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే విప్పడం లేదు.

మధ్యలో సత్తిబాబు వచ్చి, డైనమో కూడా విప్పమంటారాండీ, లోపలి కార్బన్ బొగ్గులు అరిగిపోయుంటాయి అన్నాడు. మాస్టారు నవ్వారు.

"డైనమో ఎందుకయ్యా? మీ అమ్మగారున్నారుగా."

సత్తిబాబు కూడా నవ్వాడు. సువార్తమ్మకి అప్పుడు అర్థమైంది. మూడేళ్ళుగా తన కోపం తీర్చకపోవడం మతిమరుపూ కాదు, మొండితనమూ కాదు. ఈ ఇంటికీ, ఈ వీధికీ తన కోపం అవసరం. తల్లి చావుని పట్టుకుని ట్రాక్టర్లు నడుపుకుంటున్నారు. ఒళ్ళంతా భగ్గుమంది. షెడ్లో కారు హారను దానంతటదే మోగి ఆగింది.

ఆవిడ షెడ్లోకి దిగింది. గూట్లో కటింగ్ ప్లేయరు తీసుకుని కారు ముందు చతికిలబడి, రేడియేటరు కింది గొట్టానికున్న క్లిప్పు పట్టుకుని తిప్పింది. క్లిప్పు జారి వేలు చీరుకుపోయింది. రక్తం కారుతున్నా మళ్ళీ పట్టుకుంది. మాస్టారు ఆ రక్తం చూశారు. తరవాత వచ్చి, ఆవిడ చేతిలో ప్లేయరు మెల్లగా తీసుకుని, తానే క్లిప్పు వదులు చేసి గొట్టం ఊడదీశారు.

నల్లటి జిగురు ముద్దలు ముద్దలుగా జారిపడింది. బెల్లం మాడిన కంపు షెడ్డంతా నిండింది. మాస్టారు మోటారు పైపు పెట్టి కింది నుంచి పైకి నీళ్ళు కొట్టారు. అవి తేటపడేదాకా కొడుతూనే ఉన్నారు. సత్తిబాబు ఇంక నవ్వకుండా డైనమో దింపి కొత్త బొగ్గులు వేశాడు. గొట్టం బిగించి రేడియేటరు నింపాక, ఇంజిను తిప్పి ఎంతసేపు ఉంచినా వేడి చూపించే ముల్లు మధ్యలోనే నిలబడింది. మాస్టారు ఇంజిను ఆపి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

"కాలవ నీళ్ళు పోద్దామన్నానండీ ఆ రోజు," అంది సువార్తమ్మ.

"అన్నావు."

"అమ్మ కోసం తెచ్చిన బొండాలండీ అవి."

మాస్టారు కింద పడ్డ జిగురు వంక చూశారు. అరవై దాటిన మొహం పరీక్ష తప్పిన పిల్లాడి మొహంలా అయిపోయింది.

"తప్పు నాది, సువార్తా. నీ మాట వినుంటే అత్తయ్యగారిని ప్రాణంతో చూసుండేదానివి. ఆ వేళే తెలుసు నాకు. చెప్పడానికి నోరు రాలేదు."

సువార్తమ్మ కారు బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. మూడేళ్ళలో ఏడవని ఏడుపు వచ్చింది, అడ్డుకోలేదు. ఏడుపు తగ్గాక మాస్టారు కారులో కూర్చుని తాళం తిప్పారు. టక్కుమని కూడా అనలేదు. అరుగు మీద ట్రాక్టరు బ్యాటరీ, టార్చిలైట్లు అన్నీ చల్లబడి ఉన్నాయి.

"కోపంతోపాటు ఛార్జీ పోయిందండీ," అన్నాడు సత్తిబాబు చూసొచ్చి.

సువార్తమ్మ కళ్ళు మూసుకుని కోపం తెచ్చుకోడానికి చూసింది. మాస్టారు కూడా సాయం పట్టారు. మొన్నటి చేపల పులుసు ఉప్పు కషాయం అన్నారు. నీకు కారేం వచ్చులే అన్నారు. ఆవిడకి జాలి కలిగింది కానీ కోపం రాలేదు.

ఇక తొయ్యడమే దారి. డీజిలింజిను ఒకసారి తిరిగిందంటే కరెంటుతో పనిలేదు. కారుని రోడ్డెక్కించాక, తోసే బలం తనకుందంటూ మాస్టారు దిగి వెనక్కి వెళ్ళి, స్టీరింగు పట్టమని సత్తిబాబుని పిలిచారు. ఈలోపు సువార్తమ్మ వెళ్ళి ఆ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"ఇద్దరూ తొయ్యండి," అంది.

తోశారు. సువార్తమ్మ రెండో గేరులో ఉంచి, కారు పరుగందుకోగానే క్లచ్చి వదిలింది. కారు ఒక్కసారి కుదుపు కుదిపి గర్జించింది. మాస్టారు ఎక్కడానికి పక్కన పరిగెత్తబోయి, మోకాళ్ళు సహకరించక ఆగిపోయారు.

"ఆపకు!" అని అరిచారు. "ఆపితే మళ్ళీ స్టార్టవదు. వెళ్ళు, నువ్వు వెళ్ళు."

ఆవిడ వెళ్ళింది. వెనక అద్దంలో ఆయన రోడ్డు మధ్య నిలబడి రొప్పుతూ, వెళ్ళు వెళ్ళు అని చెయ్యి ఊపుతూనే ఉన్నారు. బోడసకుర్రు వంతెన దాటాక సువార్తమ్మ భుజాలు సడలించి అద్దాలు దించింది. తాటిపాకలో పెళ్ళి ఊరేగింపు అడ్డమొస్తే హారను మోగేంతగా బ్యాటరీ ఇంకా నిండక, తల బయటపెట్టి తప్పుకోండని కేకలేసి దారి చేసుకుంది. ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

దిండిలో పిన్ని ఇంటి ముందు ఇంజిను ఆపకుండానే దిగింది. కోడళ్ళు గుమ్మాల్లోంచి తప్పుకుని దారిచ్చారు. మంచం మీద దీనమ్మ కళ్ళు తెరిచి, బయట కారు చప్పుడు విని, సువార్తమ్మ వెనకవేపు చూసింది.

"బండి ఆపలేదేమే? అల్లుడుగారికి తొందరా?"

"ఆయన రాలేదు పిన్నీ. నేనే తోలుకొచ్చేను," అంది సువార్తమ్మ.