తీగ పట్టిన చెయ్యి

ఆ కుట్టుశాలలో అందరూ ఆమెను వదిన అనే పిలిచేవారు. నిజానికి ఆమె వదిన అయ్యేది ఒక్కడికే, లైన్‌మన్‌గా పనిచేసే మరిదికి. కరెంటు ఆపకుండా పెద్ద లైన్లు బాగుచేసేవాళ్లు తొడుక్కునే సూట్లు ఆమె కుట్టేది. సన్నని ఉక్కుపోగులు కలిపి నేసిన గుడ్డ అది. తీగ చుట్టూ ఉండే విద్యుత్ ప్రభావాన్ని ఆ పోగులు తమ మీదే మోస్తాయి, లోపలి మనిషి జోలికి రానివ్వవు.

ఈసారి గుడ్డ పాతదానిలో సగం బరువే ఉంది. విద్యుత్ పరీక్షశాల ఇంజనీరమ్మా, వదినా కలిసి కుస్తీపట్టి నేయించినది. మరిది దాన్ని వేళ్ల మధ్య నలిపి పెదవి విరిచాడు.

"దోమతెరలా ఉంది వదినా. దీన్ని నమ్ముకుని తీగ పట్టుకోమంటావా?"

"పాత సూటులో ఉడికిపోయి కళ్లు తిరిగింది ఎవరికో?"

"కళ్లు తిరిగితే నడుముకి తాడుంది. ఇది పనిచెయ్యకపోతే ఏముంది?"

ఆ మాట సూటిగా తగిలింది.

"సరే. ముందు నేను పట్టుకుంటా."

"నీకేమన్నా పిచ్చా? అన్నయ్యకి నేనేం చెప్పుకోవాలి?"

"మీ అన్నయ్య సంగతి నేను చూసుకుంటాలే."

ఇంజనీరమ్మ ఓ పట్టాన ఒప్పుకోలేదు. ముందు ఆ గుడ్డతో కుట్టిన సూటును బొమ్మకి తొడిగి పరీక్షించింది. వదినకు మనుషుల్ని పైకి లేపే, కరెంటు పాకని బుట్టలో నిలబడటం, కర్ర పట్టడం నేర్పించింది. ఆ తర్వాతే ఇద్దరూ పరీక్షశాలలో కప్పు దగ్గర వేలాడే కరెంటు తీగ దాకా లేచారు. సూటుకున్న కొక్కేన్ని కర్రతో తీగకి తగిలించగానే టప్పున నిప్పురవ్వ లేచింది. కింద మరిది ఒక్కడుగు ముందుకు వేశాడు. వదిన చెయ్యి చాపి తీగ పట్టుకుంది.

గుండె స్థిమితంగానే ఉంది. కానీ కుడి మణికట్టు చుట్టూ చీమలు పాకుతున్నట్టనిపించింది. ఆ మాట చెప్పగానే ఇంజనీరమ్మ బుట్ట దింపించింది.

"చూశావా, నే చెప్పలా!" అన్నాడు మరిది.

"గుడ్డకేం కాలేదురా. చేతితొడుగు చొక్కాకి సరిగ్గా అంటలేదు. తప్పు నా కుట్టుది. కుట్టే సరిచేస్తుంది."

మణికట్టు దగ్గర గుడ్డను రెండు మడతలు వేసి, తొడుగు దానిమీద బిగుతుగా కూర్చునేలా లోహపు గుండీలు పెట్టింది. మర్నాడు మళ్లీ పైకి వెళ్లి తీగ పట్టుకుంది. ఈసారి చీమ కాదు కదా, దాని నీడ కూడా లేదు. రెండో చెయ్యి తీరిగ్గా ఊపింది.

"ఇక దిగు వదినా," అన్నాడు మరిది. "నేనెక్కుతా."

అదే సూటు తొడుక్కుని ఎక్కాడు. తీగ పట్టుకున్నాడు. పైనుంచి అరిచాడు: "వదినా, చంకలో బిగుతుగా ఉంది!"

"తిండి తగ్గించు!"

అనడమైతే అంది గానీ, ఆ సాయంత్రమే చంక కింద కుట్టు విప్పి, గుడ్డ కాస్త వదులు చేసి మళ్లీ కుట్టింది. వానలు వెలిశాక మరిది జట్టంతా ఆ సూట్లతోనే లైనెక్కింది.