మూట్ కోర్టులో హోల్డాన్

నేను ఒక నల్ల గౌనును. ముందు దర్జీ సూరిబాబు మీద నా ఫిర్యాదు రాసుకోండి. లా కాలేజీ వాళ్ళు వకీలు గౌను కుట్టమంటే, ఆ మహానుభావుడు గొడుగుల కోసం తెచ్చుకున్న గుడ్డతో నన్ను కుట్టేశాడు. గాలి చొరదు. నన్ను తొడుక్కున్నవాళ్ళు క్షణంలో చెమటతో తడిసిపోతారు. చూసేవాళ్ళు అది భయమనుకుంటారు. నా మూలంగా ఎంతమంది ధైర్యవంతులు పిరికివాళ్ళనిపించుకున్నారో!

నేను బడికి పోలేదు. యూనివర్సిటీ లా కాలేజీ బీరువాలో వేలాడుతూ విన్నదే నా చదువు. ఇక్కడ ఇంటర్ చదివి వచ్చినవాళ్ళకి ఐదేళ్ళు, డిగ్రీతో వచ్చినవాళ్ళకి మూడేళ్ళు. పాఠం విడాకుల దగ్గరికి రాగానే వెనక బెంచీలో ప్రేమలు మొదలవుతాయి. ఆఖరి ఏడాది మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టు. అందులో నెగ్గకపోయినా ఫరవాలేదు గానీ, వాదించకపోతే డిగ్రీ రాదు. వాదించే ప్రతివాడికీ నేనే దిక్కు. ఒకడు నన్ను తొడుక్కుని పెళ్ళిచూపులకి ఫోటో దిగాడు. ఇంకొకడు టీవీలో అసెంబ్లీ చూసీ చూసీ, జడ్జిని పట్టుకుని "అధ్యక్షా!" అన్నాడు.

ఇలాంటి చేతులన్నీ దాటి వరహాలమ్మ చేతిలో పడ్డాను. ఆవిడ ఆర్టీసీ కండక్టరు. డిపోలో అందరి తగవులూ తీర్చేది. "నువ్వేమైనా లా చదివావా?" అని ఎవడో వెక్కిరించాడని, ఆ పంతం మీద మూడేళ్ళ కోర్సులో చేరింది. ఈసారి మూట్ కోర్టు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆవిడ బదులు డ్యూటీ చేసే స్నేహితురాలు ఈ నెలలోనే రిటైరవుతోంది. ఇక చదువు అటకెక్కినట్టే.

కేసు సరదా అయిందే. పెళ్ళికొడుకు స్టాపులో చెయ్యెత్తినా బస్సు ఆగలేదు, ముహూర్తం దాటిపోయింది, నష్టపరిహారం ఇప్పించాలి. చీటీ తీస్తే వరహాలమ్మకి పెళ్ళికొడుకు వైపు వచ్చింది. అంటే, కండక్టరే కండక్టరు మీద వాదించాలి! జడ్జిగా నిజం జడ్జే, రిటైరైన పట్నాయక్ గారు వచ్చి కూర్చున్నారు.

బస్సు తరఫున క్లాసు ఫస్టు హేమసుందర్ నన్ను తొడుక్కుని దంచి వాదించి, ఇకిలిస్తూ నన్ను ఆవిడకి అందించాడు. "జాగ్రత్త ఆంటీ, లోపల ఉక్క!"

వరహాలమ్మ నన్ను తొడుక్కుని లేచింది. బట్టీపట్టినదంతా ఆవిరైపోయింది. చెమట మాత్రం ధారాపాతం. పట్నాయక్ గారు ఎదురుచూసి, గడియారం చూసి, "టైము అయిపోయిందమ్మా" అంటూ టీ కోసం కుర్చీలోంచి లేవబోయారు.

"హోల్డాన్!"

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పట్నాయక్ గారు సగం లేచినవారు లేచినట్టే ఆగి, ధబాల్న కూలబడ్డారు.

"ఎవరమ్మా నన్నాపింది?"

"నానే బాబూ! తప్పైపోనాది. బస్సు ఆపినట్టు ఆపీసినాను."

"ఆపావు కదా, ఎందుకాపావో చెప్పు మరి."

వరహాలమ్మ మొహం విచ్చుకుంది. "అదేటి బాబూ! ఒక్కసారి హోల్డాన్ అంతే జడ్జి గారంతటోరే ఆగిపోనారు. ఆ మాటే ఆ కండక్టరు అనుంటే బస్సు ఆగదా? నోట్లో మాట నోట్లోనే ఉంచీసుకున్నాడు కాబట్టే కదా ఆ బాబు పెళ్ళి సెడింది!"

హాలు ఈలలతో అదిరిపోయింది. "అబ్జెక్షన్! బస్సు నిండా జనం!" అని హేమసుందర్ గింజుకున్నాడు.

"నిండా ఉంతే మాత్రం? మూర్తం దాటిపోతందని మొర్రోమంటే, పెళ్ళికొడుకుని ఒళ్ళో కూకోబెట్టుకోడానికి ఊరంతా సిద్ధమే నాయనా!"

పట్నాయక్ గారు కళ్ళు తుడుచుకుంటూ బల్ల మీద సుత్తితో కొట్టారు. "వాదన బాగుంది. పాస్!"

ఆ మాట చెవిన పడగానే వరహాలమ్మ ఒళ్ళు మరిచి "రైట్! రైట్!" అని అరిచి, లేని గంట తాడు లాగడానికి చెయ్యి పైకి విసిరింది. నా కుడి చెయ్యి కిటికీ గడియకి తగులుకుంది. ఆవిడ లాగింది. పర్ర్‌ర్ర్!

ఆవిడ ఆ వూపులోనే హేమసుందర్‌ని వాటేసుకుని, ప్రొఫెసర్‌కి దండం పెట్టి, జడ్జి గారికి తెచ్చిన టీ తాగేసి, ఏడుస్తూ నవ్వుతూ డ్యూటీకి పరిగెత్తింది. ఆవిడ లాయరవుతుంది. అందరూ సంతోషమే. నా సంగతి ఒక్కరూ అడగలేదు. ఆ కేసులో నాకు కలిగిన నష్టం: మూరా బెత్తెడు నల్లగుడ్డ, ఒక బొత్తాం.