ఎడమకు తిరుగు కాకా

చేయాల్సిన పనులు దయాకర్ డెలివరీ నోటు వెనక రాసుకున్నాడు.

ఫోన్‌లో వీపీఎన్ వేసుకోవాలి.
కొత్త ఈమెయిల్ తెరవాలి.
ఏ ముక్కల మీద ఏ ముక్కలు గెలుస్తాయో బట్టీ పట్టాలి.
మొదటి పది రోజులు పోకర్ ఆప్ ఊరికే ఇచ్చే చిప్స్‌తోనే ఆడాలి.
ఐడీ కార్డు ఫొటో పంపాలి.
భీమయ్య కాకకు తెలియనివ్వకూడదు.

ఆఖరుది తప్ప మిగతావన్నీ రమీజ్ చెప్పినవి. దుబాయ్ అల్ ఖూజ్‌లో దయాకర్ పనిచేసే గోదాములోనే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, నెల్లూరు మనిషి. "పోకర్ అంటే మన రమ్మీ కాదబ్బయ్యా," అన్నాడు టీ తాగుతూ. "చేతికి రెండే ముక్కలు. మధ్యలో పరిచే అయిదూ అందరివీ. నీవి చెత్త ముక్కలైనా పర్వాలా, ఎదుటోడు జడిసి పారేస్తే నీదే ఆట. నీ మొహం వాడికి కనపడదు గదా."

దయాకర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు. బీకాం. గోదాములో అతని పని పెట్టెలు ఎంచి టిక్కు పెట్టడం. మూడేళ్లలో నీకేం వచ్చని అడిగిన మేనేజరు లేడు. పోకర్ అడిగింది. ఇంకా ఏ ముక్కలు రావచ్చు, ఎదుటివాడు ఇంతసేపు ఎందుకు ఆగాడు, ఇప్పుడు పెంచితే బెదురుతాడా. మొదట్లో రమ్మీ అలవాటు కొద్దీ, వస్తుందిలే అని చివరి ముక్క దాకా పట్టుకు కూర్చుని ఓడాడు. పదో రోజుకు పారెయ్యడం నేర్చుకున్నాడు. తనకు తెలివి ఉన్న సంగతి చాలా రోజులకు యాదికొచ్చింది.

అసలు డబ్బుతో ఆడాలంటే కార్డు ఫొటో పెట్టమంది ఆప్. అతని కార్డు రెన్యువల్‌కు ఆఫీసుకు పోయింది. ఫోన్‌లో భీమయ్య కార్డు ఉంది.

దయాకర్, భీమయ్య ఉండే గదిలో ఎనిమిది మంది. బ్యాంకు ఆప్, విమానం టికెట్టు, ఆస్పత్రి టోకెను, ఏదైనా దయాకరే చూడాలి. అందుకే అందరి కార్డులూ అతని ఫోన్‌లోనే ఉండేవి. బదులుగా అతనికి వంట వంతు లేదు. ఆ వంతు భీమయ్య వండుతాడు. "వాడు రాసుడు, నేను ఒండుడు," అని ఏర్పాటు చేసింది కూడా ఆయనే. ఒకే ఊరివాళ్లు, చుట్టరికం లేకున్నా కాకే. ఇరవై రెండేళ్లు కట్టడాల మీద ఇనుము కట్టాడు. వచ్చే నెల ఖలాస్, ఇంటికి.

దయాకర్ ఆ కార్డు పెట్టాడు. మూడు వారాల్లో మూడు వందల నలభై డాలర్లు గెలిచాడు. బయటికి తీయబోతే, కార్డున్న మనిషి కెమెరా ముందుకు రావాలంది ఆప్.

సెలవురోజు పొద్దున భీమయ్య ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"కాకా, జర ఫోన్ల మొఖం చూపియ్యాలె."

దేనికని అడిగితే చెప్పడానికి దయాకర్ ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు. భీమయ్య అడగలేదు. చేతులు కడిగాడు, మొఖం కడిగాడు, ప్రయాణానికని కొన్న గీతల అంగీ మడత విప్పి తొడుక్కున్నాడు.

పై మంచం మీంచి, అదే గదిలో ఉండే ప్రసన్నకుమార్ తొంగిచూశాడు. "పెండ్లిచూపులా కాకా?"

"మరేందనుకున్నవ్? దుబాయ్ నన్ను ఇడిచిపెడ్తున్నది గదా. ఆఖరుసారి సూస్కుంటదట."

తెర మీద గుండ్రటి గీతలో భీమయ్య మొఖం కుదిరింది.

"ఎడమకు తిరుగు కాకా."

తిరిగాడు.

"ఇప్పుడు కుడికి. కండ్లు మూయి."

మూశాడు. మూసి అట్లాగే కూర్చున్నాడు. తెరువుమనేదాకా తెరవకూడదేమో అనుకున్నట్టున్నాడు. రెప్పల మీద ఇంకా నీళ్ల తడి.

దయాకర్ వేలు ఆగిపోయింది. ఈ దేశంలో ఇట్లా జూదమాడడం నేరం. పట్టుబడితే ఎయిర్‌పోర్టులో ఆగిపోయేది ఈ మొఖమే. తన కార్డు ఆఫీసులో ఉందన్నది సాకు, అది వచ్చి నెల దాటింది. తన పేరు పెట్టడానికి భయమేసింది. కాక పేరు పెట్టడానికి భయమేయలేదు.

ఆప్ మూసేశాడు. "తెర్వు కాకా," అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు, రమీజ్ మీదికి ఏమీ నెట్టకుండా.

భీమయ్య వెళ్లి ఉల్లిగడ్డల ముందు కూర్చున్నాడు గానీ కత్తి పట్టుకోలేదు.

"నన్ను పట్కపోతరా?"

"తెల్వది కాకా."

"తెల్వదని ఇయ్యాల అంటున్నవ్." ఉల్లిపొట్టు పక్కకు ఊడుస్తూ అడిగాడు. "గెల్సినవా?"

"మూడొందల నలభై డాలర్లు."

"నా మొఖానికి గంత నసీబున్నదని ఎవ్వడు చెప్పకపాయె."

ప్రసన్నకుమార్ నవ్వబోయి మానుకుని, మంచం దిగి మిగిలిన ఉల్లిగడ్డలు తన ముందుకు లాక్కున్నాడు.

ఖాతా మూసెయ్యమని, పేరూ ఫొటో తీసెయ్యమని, డబ్బు వద్దని దయాకర్ మెయిల్ రాశాడు. భీమయ్య పక్కనే కూర్చున్నాడు. "సదువు. ఒక్కొక్క మాట తెలుగుల చెప్పు." చెప్పాడు. రెండుచోట్ల ఆయన ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత దయాకర్ గదిలో అందరి ముందు అందరి కార్డుల ఫొటోలూ తీసేశాడు.

"రేపటి సంది నీ వంతు నువ్వే ఒండు," అన్నాడు భీమయ్య. "రాసుడు మాత్రం నువ్వే రాయాలె. ఇంకెవరున్నరు మాకు? సదివి ఇనిపిచ్చి రాయి."

ఖాతా మూశామని మూడోరోజు జవాబొచ్చింది. అయినా నెలంతా దయాకర్ రోజూ మెయిల్ తెరిచి ఆ జవాబే మళ్లీ చదువుకున్నాడు. ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టు దాకా వెంట వెళ్లి, లోపలికి పోనివ్వని చోట నిలబడ్డాడు. గంటన్నరకు ఫోన్ మోగింది.

"పాస్‌పోర్టు కాడ కెమెరల సూడుమన్నడు, సూసిన. పొమ్మన్నడు బిడ్డా. నువ్వు ఇగ పో, డ్యూటీకి ఆలస్యమైతది."

దయాకర్ డ్యూటీకి బయల్దేరాడు.

భీమయ్య ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. ఏ కాగితమైనా చదివి వినిపించందే వేలిముద్ర వేయడట. మీరు చదువుకున్నవాళ్లు. మీరు చూపిన చోట సంతకం పెట్టే మనిషి మీ ఇంట్లోనో, మీ గదిలోనో ఒకరుంటారు. ఆ మనిషి ముందు కాగితం పెట్టేటప్పుడు మా భీమయ్యను ఒక్కసారి యాది చేసుకోండి.