రెండు గోదాముల గుమాస్తాలు

పాఠక మహాశయులారా, భూగోళం మీద ఏ మంత్రి ఎక్కడ మేసినా, ఆ మేత సంగతి తెల్లవారేసరికి మీ గడపలో వాలేలా చూసే మహానుభావుడొకడున్నాడు. అతడు ఒక దినపత్రికలో విదేశీ వార్తల పేజీకి అధిపతి. సింహాసనం కుంటికాలి కుర్చీ. సామ్రాజ్యం ఎనిమిది కాలమ్‌లు.

ఈ చక్రవర్తి ఒకానొక వారం పొరుగు దేశంపై దండెత్తాడు. అక్కడి ఆసుపత్రులకు గడువు దాటిన మందులు చేరాయి. మంత్రి ఫోటోను నాలుగు కాలమ్‌లలో పరిచి, "ఏలినవారే పుచ్చిన దేశం" అని శీర్షిక పెట్టాడు. ముందే హెచ్చరిస్తూ మూడు ఉత్తరాలు రాసినా జైలుపాలైన గోదాం గుమాస్తాను "బలిపశువు" అని వర్ణించి, చదివినవారి చేత కంటతడి పెట్టించాడు.

వారం తిరక్కుండా అవే మందులు స్వదేశంలోనూ బయటపడ్డాయి. ఇక్కడి గోదాం గుమాస్తా మన చక్రవర్తికి సాక్షాత్తూ అక్క మొగుడు.

అక్క ఆ పాత పేజీనీ, తన భర్త రాసిన ఉత్తరాల నకళ్ళనూ పట్టుకుని ఆఫీసుకే వచ్చేసింది.

"కొత్తగా ఏమీ రాయొద్దురా తమ్ముడూ. నువ్వు రాసిందే ఇది. ఆ దేశం పేరు కొట్టేసి మన దేశం పేరు పెట్టు. మీ బావ కూడా మూడు ఉత్తరాలే రాశారు. సాయంత్రం పోలీసులు పట్టుకుపోతారంట."

"అది విదేశీ పేజీ అక్కా. ఇది మొదటి పేజీకి పోతుంది. అక్కడ నా మాట చెల్లదు."

"మందు అదే, రోగం అదే. పేజీ మారితే పథ్యం మారుతుందట్రా?"

అతడు ఉత్తరాలు తీసుకుని ఎడిటర్ గదిలోకి వెళ్ళాడు. ఎడిటర్ వాటిని మర్యాదగా చదివి, మర్యాదగా పక్కన పెట్టాడు.

"పొరుగు దేశం సంగతి వేరయ్యా. అక్కడ వ్యవస్థే కుళ్ళింది. మన దగ్గరైతే ఎవరో ఒకరు పొరపాటు చేసి ఉంటారు."

"ఆ ఎవరో ఒకరు మా బావండీ."

"అయ్యో, పాపం. అరెస్టయితే మాత్రం వేయక తప్పదు కదా. మంచి ఫోటో దొరకడం లేదు, మీ ఇంట్లో ఏమైనా ఉందా?"

అతడు ఇవ్వలేదు. అతడు చేయగలిగిన తిరుగుబాటు అంతే. అయినా పత్రికకు బావ గుర్తింపు కార్డు మీది ఫోటో దొరికింది.

మర్నాడు మొదటి పేజీలో "మందుల కేసులో గోదాం గుమాస్తా అరెస్టు" అన్న శీర్షిక కింద బావగారు వెలిశారు. ఉత్తరాల ఊసు లేదు. మంత్రిగారు లోపలి పేజీలో ఆసుపత్రికి రిబ్బను కత్తిరిస్తున్నారు.

తర్వాత వారం జైలులో, ఇనుపజాలీ ఇవతల అక్కాతమ్ముళ్ళు నిలబడ్డారు. అతడు పొరుగు దేశపు పత్రిక విప్పి బావకు చదివి వినిపించాడు. మన మంత్రి ఫోటో వేసి, బావగారిని అమాయకుడని రాశారు. తమ దేశపు గుమాస్తాను మాత్రం కింద చిన్న వార్తలో నిందితుడన్నారు.

బావ జాలీకి నుదురానించి నవ్వాడు. "చూశావా బావమరిదీ, ఆ గుమాస్తా తీర్పు మీ పత్రికకూ, నా తీర్పు వాళ్ళ పత్రికకూ వదిలేసి ఉంటే, ఇద్దరం ఇంట్లో ఉండేవాళ్ళం."

అక్క నవ్వలేదు.

"మీ పత్రికలో అక్షరం కూడా అబద్ధం లేదురా. తప్పు అక్కడ జరిగితే మంత్రి ఫోటో వేస్తారు, ఇక్కడ జరిగితే గుమాస్తా ఫోటో వేస్తారు. ఇక అబద్ధంతో మీకు పనేముంది?"