నలభై మూడో పేజీ మచ్చు

బెంజిమిన్ వేసిన పట్టికలో ఏడు అడ్డవరసలు, పదకొండు నిలువు వరసలు ఉన్నాయట. ఉన్నాయట అంటున్నాను, ఎందుకంటే అది నాకు కనపడదు. వాడే చదివి వినిపించాడు. వినకముందు నాకు కాస్తో కూస్తో తెలిసింది కూడా విన్నాక పోయింది.

"మూడొందల పీపీఐ అంటే ఏందిరా?"

"అంగుళానికి మూడొందల చుక్కలు పెద్దమ్మా."

"చుక్కలు నేనేం చేసుకోను? నాకు అక్షరాలు కావాల."

"అక్షరాలు చుక్కలతోనే గదా పడేది!"

బెంజిమిన్ మా వాడలో పుట్టినవాడే. సాఫ్టువేరు చదివి ఇంటి నుంచే ఏదో కంపెనీకి పని చేస్తాడు. ఏ వస్తువు కొనాలన్నా పట్టిక వేస్తాడు. పెళ్ళి సంబంధాలకు కూడా వేశాడని, అందుకే ఇంకా కాలేదని వాళ్ళమ్మ తిడుతుంది.

నేను కొనాలనుకున్నది పుస్తకాలు చదువుకునే పలక, ఈ-రీడరంటారట. ఫోనులా కంట్లోకి వెలుగు కొట్టదట, తెర కాగితంలా ఉంటుందట. నా కళ్ళ నడిమి భాగం చెడిపోయింది. అద్దాలు మార్చినా లాభం లేదని, అక్షరం పెద్దదైతేనే చదవగలవని కళ్ళ డాక్టరమ్మ తేల్చేసింది. ఫోను పది నిమిషాలు చూస్తే చాలు, నీళ్ళు కారిపోతాయి.

ఇదేం పొద్దుపోక పెట్టుకున్న పని కాదు. మా ఊరి పక్కన సున్నపురాయి గని రాబోతోంది. గురువారం బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ. కంపెనీవాళ్ళ తెలుగు నివేదిక ఎనభై ఆరు పేజీలు ఫోనుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా మా కూలీల సంఘానికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది నేనే. నేను బడి మొహం చూడలేదు. రేషను డీలరు చదివే జాబితాలో మా వాడ పేర్లే ఎందుకు ఎగిరిపోతున్నాయో చూడాలని, బిడ్డల తల్లినయ్యాక అక్షరాలు పట్టుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఇంకొకరు చదివితే నేను వినాలి. చదవడానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు.

ఆదివారం ఊళ్ళో పెద్దరైతు నరసింహారావు మా వాడ మొదట్లో బండి ఆపి పిలిచాడు.

"ఏమే కరుణమ్మా, చూపు తగ్గిందంటగా? గురువారం ఆ రిపోర్టు నేను చదివి పెడతాలే. మొత్తం చదివా. మీ బోర్లకేం ఢోకా లేదని రాశారు."

"ఏ పేజీలో రాశారు నరసింహారావు గారూ?"

"పేజీలెవరికి గుర్తుంటయ్యే? అంతా మంచిగానే రాశారు."

ఆయన పొలంలో సగం గనికే పోతుంది, మంచి ధరకు. ఆయనకు అంతా మంచిగానే కనపడుతుంది మరి.

బెంజిమిన్ చదవలేడా అని అడుగుతారు. చదివాడు. ఇంగ్లీషు మీడియం చదువు. 'భూగర్భజలమట్టం' అన్న మాట దగ్గర మూడుసార్లు పడి లేచాడు. నాలుగోసారి లేవలేదు. జిరాక్సు సంగతి అడుగుతారు. అదీ అయింది. అసలు స్కానింగే మసిబట్టి ఉంది. పెద్ద కాగితం మీద తీస్తే మసి కూడా పెద్దదైంది. పైగా ఈ కాగితం ఒక్కదానితో తీరేదా? రేపు ఇంకోటి వస్తుంది. అందుకని సంఘంలో తలా కాస్త వేసుకుని పలక కొనుక్కోమన్నారు. తప్పుది కొంటే మళ్ళీ అడిగే మొహం నాకు లేదు.

సోమవారం నరసరావుపేటలో మౌలాలీ కొట్టుకు పోయాం. కొత్తవీ పాతవీ ఫోన్లు అమ్ముతాడు, బాగు చేస్తాడు. మా సంఘం కరపత్రాలు ఇరవై ఏళ్ళు అతని జిరాక్సు మిషను మీదే తీయించాం. ముందే చెప్పి ఉంచాను కాబట్టి మూడు పలకలు తెప్పించి పెట్టాడు.

ఇక ఇద్దరూ మొదలుపెట్టారు.

"దీంట్లో మూడువేల పుస్తకాలు పడతయ్ అక్కా."

"నాకు ఒక్కటి పడితే చాలు."

"నెలరోజులు చార్జింగు ఉంటది."

"గురువారం దాకా ఉంటదా లేదా?"

"పెద్దమ్మా, నీళ్ళల్లో పడ్డా ఏం కాదు దీనికి!"

"నీళ్ళల్లో పడితే ఒడ్డుకు రావాల్నా, చదువుకుంటా కూచోవాల్నా?"

ఒకడు పసుపు వెలుగు మంచిదంటాడు. ఇంకొకడు అసలు వెలుగే వద్దంటాడు. ఒకడు ఆండ్రాయిడ్ ఉంటే ఏదైనా ఎక్కించుకోవచ్చంటాడు, ఇంకొకడు ఎక్కిస్తే నత్తలా నడుస్తదంటాడు. ఇద్దరూ కళ్ళున్నవాళ్ళే, ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే. చెప్పేకొద్దీ నా తల రోట్లో పచ్చడైంది. ఇరవై ఏళ్ళు కలెక్టరాఫీసు ముందు ధర్నాలకు కూర్చుని ఏనాడూ తడబడనిదాన్ని, అరచేతిలో పట్టే పలక ముందు బిత్తరపోయి నిలబడ్డాను.

చివరికి మౌలాలీ చిన్నపలక నా చేతిలో పెట్టాడు. పట్టికలో మొదటి స్థానం దానిదే. అందులో ఒక కథల పుస్తకం తెరిచి, మీట నొక్కుతూ అక్షరాన్ని పెంచుకుంటూ పోయాడు. గోరంత, వేలంత, బొటనవేలంత.

"ఒక... ఊరిలో... ఒక... రైతు... ఉండేవాడు."

చదివింది నేనే. ఎనిమిది నెలల తర్వాత ఒక వాక్యం నా అంతట నేను చదివాను. ఆ రైతు ఎవడో, ఏమయ్యాడో నాకు అనవసరం.

"ఇదే ఇచ్చెయ్ మౌలాలీ."

అతను అట్టపెట్టె వెతికి తీశాడు. ఆ పెట్టె మీది బొమ్మలో తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. అది చూసేసరికి నాకు మిరపకాయల టిక్కీ, అదే బస్తా, గుర్తొచ్చింది. కళ్ళాల్లో కాయలు ఏరిన చేతులివి. బస్తా పైన ఎర్రటి కాయ పరిచి లోపల తెల్లబారిన తాలుకాయ నింపేవాళ్ళను ఎంతమందిని చూశాను! అందుకే బేరగాడు పైన చూడడు. నడిమధ్యకు చెయ్యి దూర్చి గుప్పెడు కాయ లాగి చూస్తాడు. మచ్చు చూడకుండా ఒక్క టిక్కీ కొనడు. ఈ కథల పుస్తకం కొట్టువాడు పైన పరిచిన కాయ.

"ఆగు. నా కాగితం ఎక్కించు ఇందులో. నడిమధ్య పేజీ తియ్యి. ఎనభై ఆరులో సగమెంతరా?"

"నలభై మూడు," అన్నాడు బెంజిమిన్.

ఎక్కించాడు. నలభై మూడో పేజీ వచ్చింది. చీమలబారు. మౌలాలీ మీట నొక్కాడు. అక్షరం పెరగలేదు. మళ్ళీ నొక్కాడు. లేదు.

"ఇందాక పెరిగింది గదా, ఇప్పుడు ఏం రోగం?"

"ఇందాకటిది అక్షరం అక్కా. ఇది అక్షరానికి తీసిన ఫొటో."

"ఫొటో తీస్తే అక్షరం అక్షరం కాకుండా పోద్దా? ఆధార్ కార్డులో ఉంది నేను కాదా?"

"నువ్వే. కానీ ఆ కార్డులో నీకు అన్నం పెడితే లావెక్కవు గదక్కా!"

బెంజిమిన్ పగలబడి నవ్వాడు. నాకు అర్థం కాలేదు. కాలేదని చెప్పడానికి సిగ్గు కూడా లేదు. కానీ పట్టికలోని పదకొండు నిలువు వరసల్లో 'కరుణమ్మ కాగితంలో అక్షరం పెరుగుతుందా' అన్న వరస ఒక్కటీ లేదని మాత్రం తెలిసింది.

రెండోది పక్కన మీటలున్న పలక. అందులో పేజీని వేళ్ళతో సాగదీయవచ్చు. సాగదీస్తే అక్షరం పెద్దదైంది, వరస తెర బయటికి పోయింది. కుడికి జరుపు, చదువు, ఎడమకు జరుపు. జరిపినప్పుడల్లా తెర ఒకసారి నల్లబడి తెల్లబడుతోంది. వెనక్కి వచ్చేసరికి ఏ వరసలో ఉన్నానో తెలియదు. ఒకే వరస మూడుసార్లు చదివాను.

మూడోది పెద్దపలక, దాదాపు బడిపిల్లల రాతపలకంత. ఎవరో లెక్చరరు వాడి అమ్మేసింది. అంచు గీసుకుపోయింది. లోపల వెలుగు లేదు, నీళ్ళకు ఆగదు. పట్టికలో ఏడోది, అంటే ఆఖరుది.

"దీంట్లో తెలుగు సరిగ్గా రాదు పెద్దమ్మా, చూడు," అని బెంజిమిన్ ఆ కథల పుస్తకమే తెరిచాడు. వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయట.

"నా కాగితం తెరువు."

నలభై మూడో పేజీలో ఒక్క వత్తు కూడా ఊడలేదు.

"ఇది ఫొటో గదా అక్కా, ఊడదు," అన్నాడు మౌలాలీ.

"ఒరేయ్, ఇందాక ఫొటో కాబట్టి పనికిరాదన్నావు. ఇప్పుడు ఫొటో కాబట్టి పనికొస్తదంటావు. మీ ఇద్దరికీ అయినా తెలుసా మీరేం మాట్లాడతన్నారో?"

మౌలాలీ పలకను అడ్డంగా తిప్పి, పేజీ చుట్టూ ఉన్న ఖాళీ అంచులు కత్తిరించి, మసి తగ్గేలా అక్షరాల నలుపు పెంచాడు. సగం పేజీ తెర నిండా పరుచుకుంది, అక్షరం నాకు అందేంత పెరిగింది. కొట్టులో చీకటిగా ఉంది. బయట మెట్ల మీదికి తీసుకుపోయాను. పన్నెండు గంటల ఎండ. ఫోనైతే ఎండలో అద్దమైపోతుంది. దీంట్లో అక్షరం ఎండ పడేకొద్దీ నల్లబడింది. ఎలాగో అడగలేదు. అడిగితే చుక్కలంటారు.

మెట్టు మీద కూర్చుని, వరస కింద వేలు పెట్టి చదివాను.

'తవ్వకాలు జరుగు కాలంలో, గనికి ఒక కిలోమీటరు లోపు గల తాగునీటి బోర్లలో నీటిమట్టం తగ్గు అవకాశం కలదు. ఈ ప్రభావం తాత్కాలికమని అంచనా.'

మా వాడ బోరుకు, వాళ్ళు జెండాలు పాతిన చోటికి మధ్య ఒక చేను, ఒక డొంక. అంతే. కిలోమీటరులో సగం కూడా ఉండదు.

"బెంజిమిన్, ఈ గని ఎన్నాళ్ళు తవ్వుతారు?"

"ముప్పై ఏళ్ళని మొదటి పేజీలోనే ఉంది పెద్దమ్మా."

"ముప్పై ఏళ్ళ పనిలో తాత్కాలికమంటే ఎన్నాళ్ళు?"

నేను ఆ రెండు వాక్యాలు నాలుగుసార్లు చదివాను. నాకు అంతుపట్టలేదు. తగ్గుతుందని రాసిన చేతులే ఏం కాదని కూడా రాశాయి. ఇంకా ఎనభై ఐదు పేజీలు ఉన్నాయి, వాటిలో ఇలాంటివి ఎన్ని దాక్కున్నాయో. గురువారానికి మూడే రోజులు.

"ఇదే కావాల," అన్నాను.

"పెద్దమ్మా, పట్టికలో ఇది ఆఖరుది!"

"నీ పెళ్ళికి పనికొస్తది పట్టిక, దాచుకో."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఫోను మోగింది. నరసింహారావు.

"ఏమే కరుణమ్మా, గురువారం పదింటికల్లా రా. నేను చదువుతా, నువ్వు పక్కన కూచుంటే చాలు. నువ్వుంటే మీవాళ్ళు గోల చెయ్యరు."

"కూచుంటా గానీ, మీరు నలభై మూడో పేజీ కాడ మొదలుపెట్టండి."

ఆటో గోల మీదుగా ఆయన గొంతు పెరిగింది.

"ఎవరు చదివి పెట్టారే నీకు?"

"నేనే చదివా."

ఫోను పెట్టేశాడు. నా పక్కన బెంజిమిన్ పలకను ఆపడానికి మీట నొక్కుతున్నాడు. ఆగిందంటాడు. నేను చూస్తే పేజీ అలాగే ఉంది.

"ఆగితే అక్షరాలు పోవద్దా?"

"దీనికి పోవు పెద్దమ్మా. కరెంటు లేకపోయినా ఆఖరున చూసిన పేజీ అట్టాగే ఉండిపోద్ది."

అదీ నాకు అర్థం కాలేదు. పలక వాడి చేతిలోంచి తీసుకుని నలభై నాలుగో పేజీకి తిప్పమన్నాను.