సుల్తాన్ ఒంటేలు

చుక్క... తెల్లటి గుడ్డ మీద ఒకే ఒక్క చుక్క. లేత గులాబీ రంగు. ముక్కు పగిలే వాసన.

షహజాది బేగం నమాజు చదివే జానమాజ్ మీద.

పిల్లి మూతి పెట్టిన నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజుకు వజూ చేసుకున్నా తప్పు లేదని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. పిల్లి ఒంటేలు మాత్రం నాపాక్. పడిన చోటల్లా కడగాలి. మళ్లీ వజూ చేసుకోవాలి.

కడిగింది. మళ్లీ చుక్క — బియ్యం డబ్బా పక్కన. కడిగింది. మళ్లీ చుక్క — మంచం కింద.

పేరుకు సుల్తాన్, బుద్ధి మాత్రం వీధి పిల్లిదే అనుకుంది. చీపురు తిరగేసి వీపు మీద రెండు వేసింది. వాకిట్లోకి తోసి తలుపేసింది.

వాకిట్లో ఇసుక కుప్ప. తొంభై ఎనిమిదో సంవత్సరం అది, ఊరంతా ఇళ్లు కడుతున్న రోజులు, శామీర్‌పేటలో ఏ ఇంటి ముందు చూసినా ఇసుక కుప్పే. సుల్తాన్ తవ్వింది. కూర్చుంది. లేచింది. మరోచోట తవ్వింది. కూర్చుంది...

ఏమీ రాలేదు.

మర్నాడు పాలు ముట్టలేదు. ఎత్తుకోబోతే అరిచింది. అది పిల్లి అరుపులా లేదు. కడుపులో నిమ్మకాయంత గట్టి ఉండ ఆమె చేతికి తగిలింది. అప్పుడు భయమేసింది ఆమెకు.

భర్త తాజుద్దీన్ మేకల వ్యాపారి. పిల్లిని కోళ్ల గంపలో పెట్టి, గంపనూ ఆమెనూ స్కూటర్ వెనక ఎక్కించుకుని మేడ్చల్ పశువుల దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడన్నీ బర్రెలే. బర్రెను పట్టుకుని నిలబడ్డ మైసయ్య గంపలోకి తొంగిచూసి పకపకా నవ్వాడు.

"పిల్లికి గూడ దవాఖానా?"

డాక్టర్ రాజారావు నవ్వలేదు. కడుపు తడిమి చూశాడు.

"గిది అల్లరి గాదమ్మా, రోగం. మగపిల్లికి దారి సన్నగుంటది. లోపల రవ్వ లెక్క పేరుకొని ఒంటేలు బంద్ అయింది. రేపటిదాంక ఆగితె పానం దక్కకపోతుండె."

"కొట్టిన సార్," అంది షహజాది బేగం. "చీపురుతోని కొట్టిన దీన్ని."

డాక్టర్ పిల్లిని రేకు బల్ల మీద పడుకోబెట్టాడు.

మత్తు సూది వేశాడు. సన్నని గొట్టం తీశాడు, దారం కన్నా కాస్త లావు. పోనిచ్చాడు. ఆగింది. మళ్లీ పోనిచ్చాడు. ఆగింది... ఆవగింజలో పావు వంతు కూడా లేని రవ్వ అడ్డం. ఇంత ప్రాణానికి ఇంత చిన్న వాకిలా!

వచ్చింది.

ఎర్రగా, సన్నగా, ఆగకుండా... రేకు బల్ల మీదికి, బల్ల అంచు నుంచి ఆమె కొంగు మీదికి. వెచ్చగా. ఆమె కొంగు పక్కకు లాక్కోలేదు.

"పోస్తాంది... పోస్తాంది," మైసయ్య గొంతు తగ్గించి అంటున్నాడు. బర్రె పలుపు చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు.

రోజుకు ఎన్నిసార్లో జరిగే పని. ఎవరూ చూడని పని, చూస్తే ముక్కు మూసుకునే పని. అది ఇంత గొప్పదని ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. యా అల్లా అంటూ ఏడ్చేసింది.

"మళ్ల బంద్ కావచ్చు," అన్నాడు డాక్టర్. "కనిపెట్టుకొని ఉండుండ్రి."

ఆనాటి నుంచి రోజూ తెల్లవారగానే సుల్తాన్ వెనకే నడుస్తుంది ఆమె. అది తవ్వుతుంది. కూర్చుంటుంది. ఈ కాపలా ఏమిటన్నట్టు చెవులు వెనక్కి వాలుస్తుంది.

మసీదులో అజాన్ అయిపోతుంది. వజూ చేసుకున్న చేతులు ఆరిపోతాయి. ఆమె కదలదు. ఊపిరి బిగబట్టి, చెవి అటే పెట్టి...