సగం బిళ్ళ

అయస్కాంతాల గది గుమ్మం దగ్గర ఒక చెక్కపళ్ళెం ఉంటుంది. లోపలికి అడుగుపెట్టాలంటే తలపిన్నులు, తాళంచెవులు, గడియారాలు అందులో వదలాల్సిందే. డైరెక్టరుగారి బెల్టు కూడా ఒకసారి అందులో పడింది. పాపం, ఆయన ప్యాంటు పట్టుకునే గదంతా చూసి వెళ్ళారు. ఈ చట్టం చేసింది చెల్లి. ఆ పరిశోధన సంస్థలో ఎవరు ఏ పొడి తయారుచేసినా దాని అయస్కాంత గుణం కొలిచేది ఆవిడే. వెనకాల అందరూ పిన్నుల పోలీసు అంటారు. మొహం మీద అనే ధైర్యం అక్క ఒక్కదానికే ఉంది.

అక్కది పక్కగది, కొలిమి గది. రేర్ ఎర్త్ అనే అరుదైన లోహాల ఆక్సైడ్లను నూరి, ఉక్కు అచ్చులో బిళ్ళలుగా నొక్కి, కొలిమిలో కాల్చడం ఆవిడ పని. అమ్మ పోయినప్పుడు చదువు మానేసి చెల్లిని పెంచింది. చెల్లి ఉద్యోగంలో కుదురుకున్నాక మళ్ళీ పుస్తకం పట్టి, తల నెరిసే వయసులో ఇక్కడ చేరింది. ఇన్నాళ్ళూ ఆవిడ కాల్చిన బిళ్ళల మీద ఇతరులు పేరు తెచ్చుకున్నారు. ఇదేమిటని ఆవిడ ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పటికి ఆవిడ వంతు వచ్చింది. రేర్ ఎర్త్ కుటుంబంలో పెద్దది లాంథనం. దాని తర్వాతివాటిలో చాలావాటి ఆక్సైడ్లను అయస్కాంతం తనవైపు లాక్కుంటుంది. లాంథనం ఆక్సైడు మాత్రం లొంగదు, పైగా కాస్త ఎడంగా జరుగుతుంది. లాగుడుకు పనికొచ్చే ఎలక్ట్రాన్లు దాని దగ్గర లేవు. అలాంటిదాన్ని గాలి తీసేసి కాలిస్తే తానే అయస్కాంతం అవుతుందని అక్క ఊహ. కాల్చింది. చెల్లి కొలిచింది. తెర మీద గీత చక్కగా మెలి తిరిగింది, అయస్కాంతాలకు తిరిగినట్టే. సంస్థంతా గుప్పుమంది. ఈ మధ్యాహ్నమే హాల్లో, బయటి నుంచి వచ్చిన పెద్దల ముందు, అక్క దాని గురించి మాట్లాడాలి.

పొద్దున చెల్లి ఆ గీతను ఇంకోసారి తీసి చూసింది. ఆ మెలిక కొత్తది కాదు. ఇనుప రజను కొలిస్తే అచ్చం ఇలాగే వస్తుంది.

"అక్కా, బిళ్ళ విరిచి చూద్దాం."

"నీకేమైనా పిచ్చా? మిగతావన్నీ కొలిమిలోనే పగిలాయి. ఉన్నది ఇదొక్కటే."

"అయస్కాంతం నీ బిళ్ళదే అయితే రెండు ముక్కల్లోనూ సగం సగం ఉంటుంది. మురికిదైతే ఒక ముక్కలోనే ఉండిపోతుంది."

"అంటే మురికి చేతులతో పని చేశానంటావు."

"అనట్లేదు."

"అంటున్నావు. చిన్నప్పుడు నేను కలిపి పెట్టిన ముద్దలో కూడా వెంట్రుకలు వెతికేదానివి."

"దొరికేవి కూడా," అంది చెల్లి.

అక్క నవ్వలేదు. కిటికీలోంచి హాలు వైపు చూసింది. అక్కడ కుర్చీలు సర్దుతున్నారు. తర్వాత బిళ్ళను కాగితంలో పెట్టి, రెండు బొటనవేళ్ళతో తానే విరిచింది. టక్కుమంది.

మొదటి ముక్కను చెల్లి కూల్‌డ్రింకు తాగే స్ట్రాలోకి జార్చి యంత్రంలో వేలాడదీసింది. ఇంత ఖరీదైన యంత్రానికి అంతకంటే మంచి గొట్టం లేదు మరి. తెర మీద తిన్నని గీత, కొద్దిగా కిందికి వాలి వచ్చింది. అంటే లాగుడు లేదు. రెండో ముక్కను పెడితే మెలిక మొత్తం అందులోనే ఉంది.

అక్క స్టూలు మీద కూలబడింది. "ఏడుపొస్తోందే," అంది. నిజంగానే కళ్ళు తుడుచుకుంది. "నా ఉక్కు అచ్చే అయ్యుంటుంది. అంచు అరిగింది, మార్చాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా."

చెల్లి ఆ రెండో ముక్కను భూతద్దం కింద పెట్టింది. ఒక అంచు దగ్గర, పైన ఒకటి, సరిగ్గా దాని కిందే ఇంకొకటి, సన్నని బూడిదరంగు గీతలు. అచ్చు రాసుకుంటే బిళ్ళ చుట్టూ రాసుకోవాలి. ఇది గిల్లిన గుర్తు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి కొలిచినరోజు, బిళ్ళను పట్టుకునే ప్లాస్టిక్ చిమటా మొన విరిగింది. వెనక అక్క నిలబడి, కానివ్వవే, కానివ్వవే అని ప్రాణం తీస్తోంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అని చెల్లి తన హ్యాండ్‌బ్యాగులోంచి ప్లక్కర్ తీసింది. కనుబొమ్మలు తీర్చుకునే ఉక్కు ప్లక్కర్. ఊరందరి పిన్నులూ పళ్ళెంలో పడతాయి గానీ పోలీసు బ్యాగు దర్జాగా లోపలే కుర్చీకి వేలాడుతుంది. కంచే చేను మేసింది.

"అక్కా, అచ్చు కాదు. నా ప్లక్కర్."

విషయమంతా విని అక్క చెల్లి కనుబొమ్మల వంక చాలాసేపు చూసింది. "అయినా ఒకటి పైకి, ఒకటి కిందికే ఉన్నాయి. దీనికోసమా నా బిళ్ళ పోయింది?"

"క్షమించవే."

"సరే, ఎవరితోనూ అనకు. అచ్చు అరిగిందని చెప్పేస్తా. నీ కొలత మీద నమ్మకం పోతే అందరి పనీ అనుమానంలో పడుతుంది. నా అచ్చుకు పోయే పరువేముంది?"

చిన్నప్పుడు పక్కింటివాళ్ళ అద్దం పగలగొట్టింది చెల్లి, తిట్లు తిన్నది అక్క. బడిలో పోగొట్టిన గొడుగూ అంతే. ప్రతిసారీ చెల్లి హమ్మయ్య అనుకుంది. నిజం చెప్పాలంటే ఇప్పుడూ అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

హాల్లో అక్క మూడు గీతలూ చూపించింది: బిళ్ళది, రెండు ముక్కలవి. "ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లు అంటారు. నా పొడికీ అదే గతి పట్టింది. నా అచ్చు అరిగిపోయి..."

వెనక వరసలో చెల్లి లేచి నిలబడింది.

"అచ్చు కాదండీ. బిళ్ళను ఉక్కు ప్లక్కర్‌తో పట్టుకున్నది నేను. గుర్తు కూడా ఉంది."

"కూర్చోవే!" అంది అక్క, ముందు మైకుందని మరిచిపోయి. హాలంతా నవ్వింది. డైరెక్టరుగారు నవ్వలేదు.

"అయితే మీరు కొలిచిన మిగతావి?" అన్నారాయన.

"మళ్ళీ కొలుస్తాను సార్. అన్నీ."

సాయంత్రం అయస్కాంతాల గది గుమ్మంలో అక్క పళ్ళెంలోంచి తన పిన్నులు ఏరుకుంటోంది. చెల్లి వచ్చి పక్కన నిలబడింది.

"కోపమా?"

"కోపమే. అది నిజమై ఉంటే ఎంత బాగుండేది!" అక్క ఒక పిన్ను జుట్టులో గుచ్చుకుంది. "అదలా ఉంచు. నీ తప్పులు నెత్తినేసుకోవడం నాకు అలవాటైపోయిందే. ఇవాళ అదీ లాక్కున్నావు. చేతులు ఖాళీ అయిపోయినట్టుంది."

చెల్లి జేబులోంచి కాగితం పొట్లం తీసి, మొదటి ముక్కను అక్క అరచేతిలో పెట్టింది.

"ఇది నీది. దీనికి ఏ మచ్చా లేదు."

"ఇది దేన్నీ లాగదు."

"లాగదు."

అక్క గుప్పిట మూసింది. చెల్లి లోపలికెళ్ళి కుర్చీకి ఉన్న హ్యాండ్‌బ్యాగు తెచ్చి పళ్ళెంలో పెట్టింది. అది పట్టక సగం బయటికి వేలాడింది.

"పెద్ద పళ్ళెం కొనాలి," అంది అక్క. "పద, ఆకలేస్తోంది."